ఎర్రమూత ట్యూబుకు నేను చేసిన అన్యాయం

నా నుదుటి మీద బొట్టుబిళ్ళ ఇప్పుడు పొద్దున పెడితే పడుకునేదాకా ఉంటోంది. ఇది కూడా రాయాల్సిన సంగతేనా అని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. నిరుడు చలికాలంలో నాకు జబ్బు మొదలైందని మొట్టమొదట చెప్పింది ఆ బిళ్ళే. అద్దం ముందు పెట్టుకునేదాన్ని, గడప దాటేలోపు ఊడి కొంగు మీద పడేది. జిగురు బాగాలేదని గాజుల దుకాణమామెతో రెండుసార్లు తగువు పడ్డాను. పాపం, ఆమె తప్పేమీ లేదు. నా నుదురే గరుకెక్కింది.

నా పేరు సుగుణ. ఉప్పల్‌లో ఒక సర్కారు హైస్కూల్లో ముప్పై ఏళ్ళు డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యాను. పిల్లలకు విజిల్ మేడం అంటేనే తెలుస్తుంది. ఇరవై నాలుగేళ్ళ వయసులో నా నుదుటి మీద తెల్లమచ్చలు వచ్చాయి. ఈ కణత నుంచి ఆ కణత దాకా పాకి అక్కడ ఆగిపోయాయి. బొల్లి అంటుకునే జబ్బు కాదని స్టాఫ్‌రూములో ఒకసారి గట్టిగా చెప్పాను, మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. తెల్లబడిన చోట ఎండను ఆపే రంగు ఉండదు, గొడుగో టోపీయో ఉండాలి అని అప్పుడే ఒక డాక్టరు చెప్పాడు. విన్నానా? గొడుగు పట్టుకుని డ్రిల్లు చెప్పే టీచరును ఏ పిల్ల లెక్కచేస్తుందని నా ధీమా. ముప్పై ఎండాకాలాలు ఒట్టి తలతో గ్రౌండులో నిలబడ్డాను. ఎండ మాత్రం ఒక్కరోజు కూడా మరచిపోకుండా లెక్క రాసుకుంది.

చలికాలం పోయేసరికి నుదుటి మీద అక్కడక్కడా పొలుసులు లేచాయి. ముట్టుకుంటే గరుకు కాగితంలా ఉండేది. ఒకనాడు మొహం తుడుచుకున్న తువ్వాలుకు నెత్తురు అంటింది. మా ఆయన మల్లేశం బస్సు డిపోలో మెకానిక్కుగా చేసిన మనిషి, ఏ బండిలో ఏ చప్పుడు వచ్చినా మూత విప్పి చూడందే ఊరుకోడు.

"ఏందే ఇది? గింత నెత్తురొస్తుంటే సప్పుడు జెయ్యకుంట కూసున్నవా?" అన్నాడు.

"ఎండకు పేలింది. మీకు అన్నిట్ల ఫికరే," అన్నాను.

మరునాడే స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని నాచారం తీసుకుపోయాడు.

ఫాల్గుణం

ఆ చర్మం దవాఖానా ఫ్యాక్టరీల వెనక సందులో, మొదటి అంతస్తులో ఉంది. మెట్లెక్కితే పొడుగాటి వరండా, రెండు బల్లలు, గోడకు ఒక ఫ్యాను. అక్కడ కూర్చున్నవాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూడకుండా ఒకరి మచ్చలు ఒకరు చూసుకుంటారు. నేనూ అదే చేశాను.

డాక్టరు ఉమ గారిది కోస్తా ప్రాంతం, నలభై ఐదేళ్ళుంటాయి. పెద్ద భూతద్దం పట్టుకుని నా నుదురంతా అంగుళం అంగుళం చూసింది. తర్వాత కుర్చీ నా దగ్గరికి లాక్కుని చెప్పింది.

"ఇవి ఎండ వల్ల పాడైన మచ్చలండీ. చాలావరకు ఇలాగే ఉండిపోతాయి. కానీ వదిలేస్తే కొన్ని చెడ్డవిగా మారే అవకాశం ఉంది. మీ కుడి కనుబొమ్మ పైన చింతగింజంత ఉంది చూశారూ, దాని మీద నేనో కన్నేసి ఉంచాలి."

"చెడ్డవి అంటే?" అన్నాడు మా ఆయన.

"క్యాన్సరు," అంది ఆవిడ, గొంతు పెంచకుండా, తగ్గించకుండా. "ఇప్పుడు కాదు. కాకుండా చూడడానికే మీరొచ్చారు."

ఆ తర్వాత ఆవిడ చెప్పిన వాటిలో సగం నా చెవికెక్కలేదు. నాకు ఎదురుగా బల్ల మీద ఒక పెన్నుల డబ్బా ఉంది. అందులో పెన్నులు ఏడని ఇప్పటికీ గుర్తుంది.

రెండు దార్లున్నాయంది. ఒకటి, మచ్చల్ని బాగా చల్లటి వాయువుతో మాడ్చడం. రెండోది, ఒక మొక్క నుంచి తీసిన లేపనం. ఆవిడ కొన్నేళ్ళుగా దాని మీద పనిచేస్తోంది. అది నిజంగా పనిచేస్తుందా లేదా అని ఇప్పుడు పరీక్షిస్తున్నారు. నుదుటికి ఒక పక్క ఆ లేపనం, రెండో పక్క మందు లేని ఉత్త లేపనం రాయాలి. రెండు ట్యూబులు, ఒకదానికి ఎర్రమూత, ఒకదానికి నీలంమూత. ఏది మందో నాకు తెలియదు, ఆవిడకూ తెలియదు. ఒక్కొక్కరికి ఏ మూతలో ఏముందో సీలు వేసిన కవర్లలో వేరే చోట దాచారట. మధ్యలో ఏ మచ్చ పెరిగినా పరీక్ష సంగతి పక్కనపెట్టి వెంటనే తీసేస్తారు.

"మీరే తయారుచేసిన మందు ఎందులో ఉందో మీకే తెల్వదా?" అని అడిగాను.

"తెలిస్తే నా కళ్ళు నాకు నచ్చిందే చూస్తాయండీ," అంది నవ్వుతూ.

ఆ మాటకు నేను పడిపోయాను. ముప్పై ఏళ్ళు ఆటల పోటీలకు రెఫరీగా ఉన్నదాన్ని. సొంత స్కూలు పిల్ల పరిగెడుతుంటే కళ్ళు ఎటు మొగ్గుతాయో నాకు బాగా తెలుసు. తన కళ్ళకు తానే గంతలు కట్టుకున్న మనిషిని అప్పుడే చూశాను. ఆవిడ నాలుగు పేజీల కాగితం చదివి వినిపించింది. నేను ప్రతి పేజీకీ తలూపి సంతకం పెట్టాను.

ట్యూబులు తెచ్చిచ్చిన నర్సు నన్ను చూసి ఆగిపోయింది.

"నమస్తే మేడం. గుర్తువట్టిన్రా? స్వరూపను. తొమ్మిదో తరగతిల రెండొందల మీటర్లు ఉరికేదాన్ని."

నాకు గుర్తురాలేదు. ఆ మాటే చెప్పాను.

"జోన్ సెలక్షన్ల నాడు నేను విజిల్‌కు ముందే కదిలిన అని లిస్టుల నా పేరు కొట్టేసిన్రు మేడం."

"గీత దాటితే కొట్టెయ్యనా మరి?" అన్నాను, పాత గొంతు దానంతటదే వచ్చేసింది.

"కొట్టెయ్యాలె మేడం," అని నవ్వి, కుడి పక్కకు ఎర్రమూత, ఎడమ పక్కకు నీలంమూత, రోజూ సాయంత్రం, వేర్వేరు వేళ్ళతో, రాసినట్టు పుస్తకంలో టిక్కు పెట్టాలి అని రెండుసార్లు చెప్పింది. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. నాకు కొంచెం కోపమొచ్చింది కూడా.

చైత్రం, వైశాఖం

మొదటి వారం ఏమీ లేదు. రెండో వారానికి కుడి పక్క మంట మొదలైంది. మూడో వారానికి ఎర్రగా కందింది, చిన్న చిన్న పొక్కులు లేచి చెక్కులు కట్టాయి. ఎడమ పక్క మాత్రం వెన్న రాసినట్టు చల్లగా, నున్నగా ఉండేది. అద్దంలో చూసుకుంటే ఒకే మొహం మీద ఇద్దరు మనుషులు కనిపించేవారు.

బోడుప్పల్‌లో మా మరిది కూతురి పెళ్ళికి పోలేదు. తలనొప్పి అని చెప్పించాను. చింతగింజంత మచ్చ చుట్టూ ఎరుపు చూసినప్పుడల్లా క్యాన్సరు అనే ఆ మూడక్షరాలు గుండెలో గంట కొట్టినట్టు మోగేవి. భయం నాకు అలవాటు లేని వస్తువు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మా ఆయన మీద విసిరేదాన్ని. ఆయన చేసిన తప్పల్లా ఎండలో నడిచేటప్పుడు ఎప్పుడూ పొద్దు ఉన్న వైపే నడవడం, గొడుగు మొత్తం నా మీదికి వంచి తను సగం మాడడం. "నన్ను జబ్బుమనిషి లెక్క నడిపియ్యకండి," అని నడిరోడ్డు మీద అరిచాను. ఆయన గొడుగు మాత్రం తియ్యలేదు.

రెండోసారి దవాఖానాకు పోయిన రోజు వరండాలో నా పక్కన యాదగిరి మామ కూర్చున్నాడు. చెంగిచెర్ల మనిషి, డెబ్బై దాటాయి. ఒకప్పుడు పొలం, తర్వాత ఆ పొలంలోనే లేచిన ప్లాట్లకు కాపలా. ఆయన బట్టతల మీదా నాలాగే తెల్లమచ్చలు, నాలాగే రెండు ట్యూబులు.

"టీచరమ్మా, నీకు ఏది మండుతుంది?" అన్నాడు.

"ఎర్రది."

"నాకూ ఎర్రదే." మామ ట్యూబు మూత తీసి వాసన చూశాడు. రెండింటికీ ఒకే వాసన. అయినా ఖాయం చేసేశాడు. "ఇగ సూడు. ఆకుమందంటే ఏంది? సలువ. యాపాకు రాస్తే సలువ, కలబంద రాస్తే సలువ. నీలంది ఆకుమందు. ఎర్రదాంట్ల ఏదో కెమికలున్నది, అది వేడి జేస్తుంది. పడనిది రాసుడెందుకు? నేను నాలుగు దినాలసంది నీలందే రెండు దిక్కుల రాస్తున్న. సల్లగ పండుకుంటున్న."

నవ్వకండి. ఎండాకాలం వస్తే సబ్జా గింజలు, మజ్జిగ, బార్లీ నీళ్ళు అని బడి మొత్తానికి చలువ పాఠం చెప్పినదాన్ని నేను. వేడి చేసిందంటే పడలేదని, చలువ చేసిందంటే గుణమిస్తోందని నా ఒంటికి చిన్నప్పటి నుంచీ తెలిసిన శాస్త్రం. మామ మాట నాకు ఉమ గారి నాలుగు పేజీలకంటే బాగా అర్థమైంది. పైగా నాకు కావలసింది కూడా అదే. కుడి పక్క మంట ఆగాలి.

లోపల ఉమ గారు కుడి పక్క చూసి, "ఎలా ఉందండీ, ఓర్చుకోగలుగుతున్నారా?" అని అడిగింది. "ఫరవాలేదు," అన్నాను. డ్రిల్లు టీచరు నొప్పి అని ఎలా అంటుంది?

ఆ సాయంత్రమే నీలంమూత ట్యూబు రెండు పక్కలా రాశాను. ఎర్రమూతది తీసి, అలమరాలో కబడ్డీకి వచ్చిన కప్పు ఉంది, అందులో పడేశాను. మూడు రోజుల్లో ఎరుపు తగ్గింది. వారానికి మంట పోయింది. పుస్తకంలో మాత్రం "కుడి: ఎరుపు" అనే గడిలో రోజూ టిక్కు పెట్టాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి. ఒక్క అంగుళం కాలు ముందుకు పెట్టారని ఎంతమంది పిల్లల పేర్లు కొట్టేశానో, అదే చేత్తో రోజుకొక దొంగ టిక్కు పెట్టాను.

మా ఆయనకు కప్పులో ట్యూబు దొరికింది.

"డాక్టరమ్మకు చెప్పినవా?"

"తగ్గింది గదా. చెప్పేదేముంది?"

"బండి చప్పుడు ఆగిందంటే బాగైనట్టేనా? ఒక్కోసారి వైరు తెగినా ఆగుతది."

"నా నుదురు బస్సు ఇంజను కాదు," అన్నాను. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పెళ్ళైన ఇన్నేళ్ళలో అంత నిశ్శబ్దం మా ఇంట్లో ఎప్పుడూ లేదు.

జ్యేష్ఠం

తొలకరి పడ్డ వారంలో మళ్ళీ నాచారం పోయాము. ఉమ గారు భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. కనుబొమ్మ పైన మచ్చ మందమైందట, అంచు కూడా కొంచెం జరిగిందట. నా పుస్తకం తీసి వెనక్కీ ముందుకీ తిప్పింది.

"విచిత్రంగా ఉందే. మూడో వారం దాకా కుడి పక్క బాగా స్పందించింది. తర్వాత మీరు ఒక్కరోజు కూడా మానకుండా రాశారు, అయినా హఠాత్తుగా ఆగిపోయింది." తనలో తనే మాట్లాడుకుంటున్నట్టు అంది. "ఇంకొకరికీ ఇలాగే అయింది. ఇది మందే అయితే, వాడుతుండగానే పనిచెయ్యడం మానేస్తోందన్నమాట. అలాగైతే మిగతావాళ్ళకు ఇవ్వడం ఆపాలేమో."

ఆవిడ మొహం చూశాను. కొన్నేళ్ళ కష్టం ఆ మొహం మీద ఉంది, అయినా దాన్ని వెనకేసుకురావాలని ఒక్క మాట లేదు. నా దొంగ టిక్కులు నమ్మి తన మందును తనే తప్పుబట్టుకుంటోంది. నేను నోరు మూసుకుంటే ఆ మందు చెడ్డపేరుతో మూలపడుతుంది. నోరు తెరిస్తే నన్ను పరీక్షలోంచి తీసేస్తారు. ఈ పెరిగిన మచ్చతో నేనెక్కడికి పోవాలి? మా ఆయన నా వైపు చూడలేదు, కిటికీ వైపు చూస్తున్నాడు. చెప్పమని కూడా అనలేదు. ఆ మనిషి గొప్పతనం అది.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకో కూర్చుని చెప్పబుద్ధి కాలేదు.

"డాక్టరుగారూ, ఆ టిక్కులన్నీ అబద్ధం. నెలన్నరసంది ఎర్రది రాస్తలేను. నీలందే రెండు దిక్కుల రాసిన. నా పేరు కొట్టెయ్యండి."

గుమ్మంలో నిలబడ్డ స్వరూప చేతిలో దూది డబ్బా అలాగే ఉండిపోయింది. ఉమ గారు పెన్ను కింద పెట్టింది. తిడుతుందని ఎదురుచూశాను. నేనైతే తిట్టేదాన్ని.

"కూర్చోండి," అంది. తర్వాత, "ఎందుకు ఆపారు?" అని అడిగింది.

ఆ అడగడంలో కోపం లేదు. నిజంగా తెలుసుకోవడానికే అడిగింది. దాంతో నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మంట సంగతి, చింతగింజ భయం, పెళ్ళికి పోకపోవడం, చలువ, వేడి, అన్నీ చెప్పాను. ఆవిడ మళ్ళీ పెన్ను తీసుకుని నేను చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. "చలువ" అన్న మాట దగ్గర ఆగి, దాని కింద గీత గీసింది.

"ఇక్కడ ఎవరి పేరూ కొట్టెయ్యమండీ," అంది. "మీరు లెక్కలోనే ఉంటారు. ఏం జరిగిందో పక్కన రాస్తాం. మంట వస్తే జనం మానేస్తారన్నది కూడా ఈ మందు గురించి మాకు తెలియాల్సిన సంగతే."

స్వరూప నేను సంతకం పెట్టిన కాగితం తీసి చూపించింది. మూడో పేజీలో ఉంది: మంట, ఎరుపు రావచ్చు, వస్తే రాయడం ఆపకుండా మాకు చెప్పండి. కింద నా సంతకం, ఎంత అందంగా ఉందో!

"తప్పు మాదీ ఉంది," అంది ఉమ గారు. "చదివి వినిపించాం. ఏం అర్థమైందని అడగలేదు."

వరండాలోకి వచ్చి యాదగిరి మామ భుజం పట్టుకున్నాను. "లే మామా, లోపలికి పోయి చెప్పు."

"ఏం చెప్పాలె?"

"సలువ ముచ్చట."

మామ గొణుక్కుంటూనే పోయాడు. ఆ "ఇంకొకరు" ఆయనే. ఆ వారం నుంచే మందు వాడుతున్న అందరికీ స్వరూప ఫోను చేసి మండుతోందా, మండితే ఏం చేస్తున్నారు అని విడివిడిగా అడగడం మొదలుపెట్టింది.

నా మచ్చను ఆ శుక్రవారమే తీసేశారు. చిన్న కోత, నాలుగు కుట్లు. ముక్కను పరీక్షకు పంపారు. జవాబు రావడానికి పది రోజులన్నారు. ఆ పది రోజుల గురించి ఎక్కువ రాయలేను. మా ఆయన రోజూ పొద్దున కుట్ల చుట్టూ కాచి చల్లార్చిన నీళ్ళతో తుడిచేవాడు. జీవితమంతా గ్రీజులో ముంచిన ఆ చేతులు అంత మెత్తగా ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది. పదో రోజు స్వరూప ఫోను చేసింది.

"మేడం, మంచి ముచ్చట. ఇంకా చెడ్డగ మారలేదు. కరెక్టు టైముకు తీసిన్రు. ఫికర్ లేదు."

ఫోను మా ఆయనకిచ్చి నేను వంటింట్లోకి పోయి పొయ్యి ముందు నిలబడి ఏడ్చాను. పొయ్యి మీద ఏమీ లేదు.

కార్తీకం

పరీక్ష ముగిసి సీలు కవర్లు తెరిచాక ఒక్కొక్కరినీ పిలిచి ఎవరిది ఏదో చెప్పారు. నా వంతు వచ్చిన రోజు ఉమ గారు కాగితం నా వైపు తిప్పింది. నా ఎర్రమూతే మందు. ఆ మంటే దాని పని, పాడైన చర్మాన్ని వెతికి పట్టుకుని తినెయ్యడం. నేను చలువ అని మురిసిపోయి రాసుకున్న నీలంది ఉత్త లేపనం. అసలు మందును నా చేతులతో నేనే కబడ్డీ కప్పులో పడేశాను.

అందరి లెక్కలూ ఇంకా పూర్తిగా తేలలేదట. కొందరికి బాగా పనిచేసింది, కొందరికి అంతంతమాత్రమే అంది ఆవిడ. ఇంకో డాక్టరైతే నాలాంటి వాళ్ళను లెక్కలోంచి తీసేసి మందును అందంగా చూపించుకునేవారేమో. ఆవిడ మా వంకరలన్నీ పక్కన రాసుకునే ముందుకు పోతోంది. అందుకే ఆవిడంటే నాకు అంత గౌరవం. మిగిలిన మచ్చల్ని వాయువుతో మాడ్చారు. నేనిప్పుడు వెడల్పాటి టోపీ పెట్టుకోకుండా గడప దాటను. మీలో ఎవరికైనా తెల్లమచ్చలుంటే నా మాట విని ఈరోజే ఒక టోపీ కొనుక్కోండి. మొక్క మందని విని ఏ చెట్టు పాలో మొహానికి రాసుకోకండి, కళ్ళు పోతాయి. మంట వచ్చినా, అనుమానం వచ్చినా ఇచ్చినవాళ్ళకే చెప్పండి, పక్క బల్ల మీది మామకు కాదు.

ఆరోజు వచ్చేముందు స్వరూప నా నుదుటి మీద మాడ్చిన చోట చివరిసారి మందు పూస్తోంది. ఉమ గారు నన్ను అడిగిన ఒక్క మాట అయిదు నెలలుగా నా లోపల తిరుగుతోంది. ఆ మాట నేను అడగాల్సిన మనిషి నా ఎదురుగానే నిలబడి ఉంది.

"స్వరూపా, ఆ దినం విజిల్‌కు ముందే ఎందుకు కదిలినవ్?"

ఇరవై ఏళ్ళ కిందటి సంగతి, మరచిపోయి ఉంటుందనుకున్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"అరికాళ్ళు కాలినయి మేడం. నాకు బూట్లు లేకుండె. మీరు లిస్టు సదువుకుంట మమ్మల్ని ఎండల గీత మీద మస్తు సేపు నిలవెట్టిన్రు. ఓర్వలేక కాలు తీసిన, గంతే."

"మరి అప్పుడే చెప్పొద్దా?"

స్వరూప నా నుదుటి మీద దూది మెల్లగా అద్దుతూ అంది.

"మీరు అడగలే గదా మేడం."